గురక పోయింది, నీరసం మాత్రం పోలేదు: సీప్యాప్ వాడేవాళ్ళు చెప్పండి

యార్డు గుమస్తా, గుంటూరు:

అందరికీ నమస్తే. నాకు 43 ఏళ్ళు, మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. పోయిన చలికాలంలో స్లీప్ స్టడీ చేస్తే ఏహెచ్‌ఐ 38 వచ్చింది. అంటే గంటకి అన్నిసార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందట, 30 దాటితే తీవ్రం కిందే లెక్క అన్నారు. ఆటో సీప్యాప్ మెషిన్ కొన్నాం, నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ లోంచి గాలి కొడుతుంది, ఆ ఒత్తిడి అదే సర్దుకుంటుంది, రెండు నెలలు దాటింది. గురక ఆగిపోయింది, మా ఆవిడ మళ్ళీ ఈ గదిలోనే పడుకుంటోంది, పొద్దున్నే వచ్చే తలనొప్పి కూడా తగ్గింది. నీరసం మాత్రం ఎక్కడిది అక్కడే. మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే లెక్కల పుస్తకం మీదే జోగుతున్నాను, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సి వస్తోంది, మా షావుకారు పైకి ఏమీ అనకపోయినా ఆ చూపు తెలుస్తుంది కదా.

మెషిన్‌లో పొద్దున చూస్తే ఆ ఏహెచ్‌ఐ 3, ఒక్కోసారి 2 అని చూపిస్తోంది. డాక్టర్‌గారు అది చూసి 5 లోపు ఉంది, బాగుంది, వాడుతూ ఉండండి అన్నారు. ఆయనకి బాగానే ఉంది, నాకే బాగాలేదు. పదకొండున్నరకి మాస్క్ పెట్టుకుని పడుకుంటాను, మూడింటికో మూడున్నరకో మెలకువ వస్తే అది పక్కన పడి ఉంటుంది, ఎప్పుడు పీకేశానో నాకే తెలియదు. మళ్ళీ పెట్టుకునే ఓపిక ఉండదు, అయిదున్నరకి లేవాలి. సీజన్‌లో యార్డు ఘాటుకి ముక్కు దిబ్బడ వేస్తుంది, దానికి రాత్రి ఒక సిట్రిజిన్ వేసుకుంటాను. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడబట్టి చాలా ఏళ్ళయింది.

ఇది ఎన్నాళ్ళకి తగ్గుతుంది? ఇంత పోసి కొన్నది ఎందుకు అని ఇంట్లో మాట మొదలైంది.

పటమట పెద్దాయన, విజయవాడ:

తమ్ముడూ, కంగారు పడకు. వారంలోనే ఒళ్ళు తేలికైపోయిందని చెప్పేవాళ్ళు ఉన్నారు, కాదనను, కానీ అందరికీ అలా జరగదు. ఏళ్ళ తరబడి నిద్ర అరకొరగా పోయినవాడికి రెండు నెలల్లో అంతా సర్దుకోవాలంటే ఎలా? నాకైతే సగం ఏడాది పట్టింది. మొదట్లో నేను కూడా నిద్రలో పీకేసేవాణ్ణి. సాయంత్రం టీవీ ముందు కూర్చున్నప్పుడు, మెలకువగానే, ఒక అరగంట మాస్క్ పెట్టుకుని ఉండమని మా డాక్టర్ చెప్పాడు, మనవళ్ళు నవ్వారు గానీ అది బాగా పనిచేసింది.

ఇంకో సంగతి, నీ మెషిన్ గాలి ఒత్తిడి 4 దగ్గర మొదలవుతోందేమో చూడు. కొత్తలో కొన్ని మెషిన్లు 4 నుంచి 20 వరకు అలా వదిలేసి ఇస్తారు. నాకు 4 దగ్గర ఊపిరి చాలనట్టే ఉండేది, గుండెలు బరువెక్కి మాస్క్ మీదకి చెయ్యి వెళ్ళిపోయేది. డాక్టర్ కింది అంకె పెంచాక ఆ బాధ పోయింది. నువ్వు మాత్రం సొంతంగా మార్చకు. సాయంత్రం టీ ఎన్నింటికి తాగుతావు? ఆరు దాటాక వద్దు. నీరసం అని టీ తాగడం, ఆ టీ వల్ల నిద్ర పట్టకపోవడం, మర్నాడు మళ్ళీ నీరసం.

నిద్ర ల్యాబ్‌లో పనిచేసే మనిషి:

నేను డాక్టర్‌ని కాదు, రాత్రిళ్ళు వైర్లు తగిలించి స్టడీ చేసే టెక్నీషియన్‌ని. మీరు రాసిన దాంట్లో అసలు సమాధానం ఉంది. ఆ 3 అనే అంకె మాస్క్ మొహం మీద ఉన్నంతసేపటికే. తీసేశాక ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో మెషిన్‌కి తెలియదు, లెక్కలో రాదు. పైగా కలలొచ్చే నిద్ర, ఆర్‌ఈఎం అంటారు, తెల్లవారుజాము వైపే ఎక్కువ ఉంటుంది. ఆ నిద్రలో ఒంట్లో కండరాలు చాలావరకు వదులైపోతాయి, గొంతు దగ్గరవి కూడా. అందుకే చాలామందికి ఆ సమయంలోనే ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది. మీరు సరిగ్గా దానికి ముందు పీకేస్తున్నారు. అంటే మూడున్నర నుంచి అయిదున్నర దాకా మీకు వైద్యం లేనట్టే. రోజుకి 4 గంటలు వాడితే చాలు అని ఎవరైనా అంటే నమ్మకండి, అది అమెరికాలో బీమా వాళ్ళు మనిషి మెషిన్ వాడుతున్నాడా లేదా అని తేల్చడానికి పెట్టుకున్న గీత, ఒంటికి సరిపడే నిద్ర కాదు. మాస్క్ అసలు తీయకపోయినా మీకు దక్కేది ఆరు గంటలే, పెద్దవాళ్ళకి కనీసం ఏడు కావాలి. పదిన్నరకి పడుకోగలరేమో చూడండి.

రిపోర్టులో ఏహెచ్‌ఐ ఒక్కటే కాకుండా వాడిన గంటలు, లీక్ (మాస్క్ సందుల్లోంచి బయటికి పోయే గాలి) కూడా అడగండి. రెస్‌మెడ్ కంపెనీ మెషిన్ అయితే నిమిషానికి 24 లీటర్లు దాటితే లీక్ ఎక్కువ అని లెక్క. కొంతమందికి మెషిన్ మొదలుపెట్టాక గొంతు మూసుకోవడం తగ్గి, మెదడు నుంచే ఊపిరి సంకేతం ఆగే రకం కనిపిస్తుంది, అది రిపోర్టులో విడిగా ఉంటుంది, చాలావరకు కొన్ని నెలల్లో తగ్గుతుంది గానీ డాక్టర్ చూడాలి. సిట్రిజిన్ కొందరికి మర్నాడు కూడా మత్తుగా ఉంచుతుంది, మత్తు తక్కువ ఉండే బిళ్ళో ముక్కులో కొట్టే స్ప్రేయో కుదురుతుందా అని ఈఎన్‌టీని అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గే అవకాశం ఉంది, అది తగ్గినా ఇదే నీరసం. బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి.

ప్రాణాయామమే మందు:

మెషిన్లన్నీ వ్యాపారం బ్రదర్. రోజూ గంటసేపు ప్రాణాయామం, రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో తేనె. మూడు నెలల్లో మెషిన్ అటకెక్కుతుంది.

పటమట పెద్దాయన:

ప్రాణాయామం నేనూ చేస్తాను నాయనా, మంచిదే. కానీ నిద్రలో గొంతు మూసుకుపోయేవాడికి తేనె ఏం చేస్తుంది? పైగా అతనికి షుగర్. మెషిన్ మానేయమని ఎవరికీ చెప్పకు, బీపీ, గుండె దాకా పోయే వ్యవహారం ఇది.

గురకేశ్వరుడి భార్య, సత్యనారాయణపురం:

అన్నయ్యగారూ, మా ఆయనకీ ఇదే గొడవ, నేను పక్కనుంచి చూసింది చెబుతాను. ఆయనకి మీసం గుబురు, ఆ వెంట్రుకల సందులోంచి గాలి జారి కళ్ళలోకి కొట్టేది, దాంతో నిద్రలో మాస్క్ లాగేసేవారు. ఆపడానికి పట్టీలు బిగించారు, ముక్కు మీద పుండు పడింది. తర్వాత ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకం ఇచ్చారు, అప్పటినుంచి తెల్లారేదాకా ఉంటోంది. మీకు ముక్కు దిబ్బడ కాబట్టి అది కుదరకపోవచ్చు, నోరు కూడా కప్పేది కావాలేమో, పొద్దున్నే నోరు ఎండిపోతోందా చూసుకోండి. మాస్క్ కుషన్‌ని రోజూ కాస్త సబ్బునీళ్ళతో కడగాలి, మొహం జిడ్డుకి జారుతుంది. ఫిల్టర్ కూడా చూడండి, మీ ఇంట్లో మిరప దుమ్ము బట్టల మీద వస్తుంది కదా, స్నానం చేసి బట్టలు మార్చాకే ఆ గదిలోకి వెళ్ళండి. గాలికి తేమ పట్టించే డబ్బా మెషిన్‌కి ఉంటుంది కదా, ఆ తేమ డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోయండి, మా బోరు నీళ్ళకి తెల్లగా పెచ్చు కట్టింది.

యార్డు గుమస్తా:

చాలా థాంక్స్ అండీ. నోరు ఎండిపోవడం నిజమే, నాలుక అట్టలా ఉంటుంది, నేను షుగర్ వల్ల అనుకున్నా. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాను, మెషిన్ లేకుండానే, దానికీ పెట్టుకోవాలా? ఇంకోటి, వారానికోసారి బెజవాడ అత్తగారింటికి కారు నేనే నడుపుతాను. మొన్న కాజ టోల్‌గేట్ దాటాక రెప్పలు వాలాయి, మా ఆవిడ గట్టిగా అరిచింది. ఎండాకాలం కరెంటు పోతే ఎలా అన్నది కూడా చెప్పండి.

నిద్ర ల్యాబ్‌లో పనిచేసే మనిషి:

కారు సంగతి ముందు. నీరసం తగ్గేదాకా హైవే మీద స్టీరింగ్ పట్టుకోవద్దు, బస్సులు బోలెడు ఉన్నాయి, లేదా ఇంకెవరినైనా నడపమనండి. అద్దం దించడం, పాటలు పెట్టడం పనిచేయవు. డాక్టర్‌కి ఈ టోల్‌గేట్ సంగతి తప్పకుండా చెప్పండి, నీరసం అంటే ఒక రకంగా వింటారు, డ్రైవింగ్‌లో కునుకు అంటే ఇంకో రకంగా వింటారు. పగటి నిద్రమత్తు ఎంతుందో చూడడానికి ఎప్‌వర్త్ స్కేల్ అని ఎనిమిది ప్రశ్నలు ఉంటాయి, 24కి 10 దాటితే మామూలు కాదు, అది నింపి తీసుకెళ్ళండి. మాస్క్ రాత్రంతా ఉండి, రక్త పరీక్షలన్నీ బాగుండి, అప్పటికీ నిద్రమత్తు వదలకపోతే దానికి మందులు ఉన్నాయి, ఆయన చూసి రాస్తారు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. మధ్యాహ్నం కునుకుకీ మెషిన్ పెట్టుకోవాలి, రెండు గంటలు మాత్రం ఎక్కువ, అరగంట చాలు, లేకపోతే రాత్రి నిద్ర పట్టదు.

గురకేశ్వరుడి భార్య:

కరెంటుకి మేము ఇంట్లో ఇన్వర్టర్‌కే తగిలించాం. కరెంటు పోతే తేమ డబ్బా హీటర్ ఆపేయండి, ఎక్కువ కరెంటు లాగేది అదే, గాలి కొట్టే మోటారుకి పెద్దగా పట్టదు. మీ బ్యాటరీ పాతదైతే వేసవికి ముందే ఒకసారి చూపించండి.