అప్‌డేట్: ఇంజిన్ హెడ్ విప్పకుండానే సమస్య తేలింది

అనంతపురం నుంచి కర్నూలుకు వెళ్తుండగా గుత్తి దాటాక మా 2008 నాటి పెట్రోల్ కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయిందని, ఒక వర్క్‌షాపువారు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే సీలు) పోయిందంటూ 42,000 రూపాయలు అడిగారని, బాగు చేయించాలా, అమ్మేయాలా అని పోయిన నెల అడిగాను. ముందు పరీక్షలు చేయించమన్నవారికి కృతజ్ఞతలు.

వేరే మెకానిక్ కూలింగ్ సిస్టంకు ప్రెషర్ టెస్టు, నాలుగు సిలిండర్లకు కంప్రెషన్ టెస్టు చేశారు. ప్రెషర్ నిలబడింది, కంప్రెషన్‌లో తేడా లేదు, ఇంజిన్ ఆయిల్ పాలు కలిసిన టీలా మారలేదు. కాబట్టి గ్యాస్కెట్ మీద అనుమానం తీరింది. రేడియేటర్ విప్పి చూపించినప్పుడు మాత్రం, మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి సున్నపు పొర లాంటిదే దాని సన్నని గొట్టాల నోళ్లలో గట్టిగా పట్టి ఉంది. మూడేళ్లుగా కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసింది నేనే కనుక ఈ తప్పును ఎవరి మీదా వేయలేను. ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్‌ను మరిగే నీటిలో వేసి చూస్తే సగం కూడా తెరుచుకోలేదు.

కొత్త రేడియేటర్, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపిన కూలెంట్, కూలీ అన్నీ కలిపి 9,600 రూపాయలయ్యాయి. మూత మార్చడం దండగనుకున్నాను గాని, అది పట్టి ఉంచే ఒత్తిడి వల్లనే లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగదు. పాత మూత వదులై ఆవిరి పోవడం వల్లనే కూలెంట్ తగ్గుతూ వచ్చిందని ఆయన వివరించారు.

మొన్న ఏసీ వేసుకుని కర్నూలు వెళ్లి వచ్చాము, ముల్లు సగం దాటలేదు. వాటర్ పంపు బేరింగు నుంచి చిన్న కూత వినిపిస్తోంది. దాని సంగతి వచ్చే నెల జీతం పడ్డాక చూడాలి.