డల్లాస్ నుంచి, దుబాయి నుంచి: 25 సిగార్లలో ఏ బ్రాండ్లు తెప్పించుకోవడం మేలు?

ప్రశ్న: ఎనుమాముల మిర్చి (వరంగల్)

అందరికీ నమస్కారం. నేను ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తాను. యార్డుకు సెలవున్న ఆదివారం సాయంత్రం మేడ మీద కూర్చుని ఒక సిగార్ వెలిగించుకోవడం నాలుగేళ్లుగా అలవాటు. నెలకు రెండింటికి మించి తాగను. మా తాతగారు లంక పొగాకు చుట్టలు తాగేవారు కాబట్టి ఆకు వాసన చిన్నప్పటి నుంచీ ఎరుగుదును గాని, విదేశీ బ్రాండ్లలో ఏది దేనికన్నా ఎందుకు మేలో నాకు ఇప్పటికీ తెలియదు.

హైదరాబాదు వెళ్లినప్పుడల్లా దొరికినవి ఒకటి రెండు కొనుక్కునేవాణ్ణి. కిందటేడు ఒక దుకాణంలో పైన గాజు మూత ఉన్న పెట్టెలోంచి క్యూబా బ్రాండు కోహిబా అని తీసి ఇచ్చారు. ఇంటికి వచ్చి వెలిగిస్తే అది ఒక పక్కనే కాలుతూ పోయి, సగానికి వచ్చేసరికి నోరంతా చేదైంది. ఆర్పి, బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తే లోపల నిడుపాటి ఆకు ఒక్కటి కూడా లేదు, అంతా తుక్కే ఉంది. బస్తా మూతి దగ్గర మంచి కాయ పరిచి అడుగున తాలు నింపిన సరుకును రోజూ చూసేవాణ్ణి, ఇక్కడ మోసపోయానే అని చాలా బాధపడ్డాను.

ఇప్పుడు మే నెలలో మా గృహప్రవేశానికి మా బావమరిది డల్లాస్ నుంచి దుబాయి మీదుగా వస్తున్నాడు. "బావా, ఏవి తేవాలో పేర్లు రాసి పంపు, అటు అమెరికాలోనైనా కొంటాను, ఇటు దుబాయిలోనైనా కొంటాను" అన్నాడు. ప్రయాణికుడు సుంకం లేకుండా 25 సిగార్ల వరకు తెచ్చుకోవచ్చని నియమం. నాకు మరీ ఘాటైనవి పడవు, ముప్పావు గంటలో అయిపోయేవి కావాలి. ఏ బ్రాండ్లకు డబ్బు పెట్టవచ్చో, ఏవి పేరుకే పెద్దవో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: జగిత్యాల నుంచి

అన్నగారూ, నేను పదకొండేళ్లు దుబాయిలో ఒక పొగాకు దుకాణంలో పనిచేసి, రెండేళ్ల కిందట ఊరికి తిరిగి వచ్చాను. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. చాట ఒళ్లో పెట్టుకుని, రాత్రి తడిపి ఉంచిన తునికాకును రేకు కొలతకు కత్తిరించి, పొగాకు పోసి చుట్టి దారం కట్టాక, ఆ బీడీని రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నొక్కి ఎక్కడ బిగిసిందో, ఎక్కడ డొల్లగా ఉందో చెప్పేది. దుకాణంలో సిగార్లు ఎంచడం నాకు త్వరగా పట్టుబడిందంటే అది ఆమె చలవే. మీకు కూడా మొదట చెప్పేది అదే: ఏ బ్రాండైనా సరే, కాయను చూసినట్టే చేత్తో పట్టి చూసి కొనాలి. నొక్కితే కొద్దిగా లోపలికి పోయి తిరిగి పైకి రావాలి. రాయిలా ఉంటే పొగ రాదు, చిటపటమంటే ఎండిపోయింది, ఒక్కచోటే మెత్తగా ఉంటే అక్కడ ఆకు తక్కువ పడింది.

ఇక పేర్ల సంగతి. మీ బావమరిది డల్లాస్‌లో కొనే మాంటెక్రిస్టో వేరు, దుబాయిలో కొనే మాంటెక్రిస్టో వేరు. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ కర్మాగారాలను జాతీయం చేసినప్పుడు చాలామంది యజమానులు దేశం విడిచి వెళ్లారు. 1962 ఫిబ్రవరిలో అమెరికా క్యూబాతో వ్యాపారాన్ని నిషేధించింది. దాంతో మాంటెక్రిస్టో, రోమియో ఇ హులియెటా, పార్తగాస్, హెచ్. అప్‌మన్ వంటి పేర్లు రెండేసి అయ్యాయి: ఒకటి క్యూబాలో చుట్టేది, ఇంకొకటి అమెరికా మార్కెట్టు కోసం డొమినికన్ రిపబ్లిక్ వంటి చోట్ల చుట్టేది. రెండోది నకిలీ కాదు, కాని రుచి పూర్తిగా వేరు. కాబట్టి క్యూబా పేర్లేవీ డల్లాస్‌లో కొనవద్దని, అక్కడ క్యూబా బయట పుట్టిన సొంత బ్రాండ్లే కొనమని మీరు స్పష్టంగా రాయండి.

ఆ సొంత బ్రాండ్లలో నేను ముందు చెప్పేది ఆర్తురో ఫ్వెంతె. 1912లో ఫ్లోరిడాలో మొదలై, ఇప్పుడు డొమినికన్ రిపబ్లిక్‌లో చుట్టే కుటుంబ సంస్థ ఇది. వారి ఓపస్ ఎక్స్ అనే రకం కోసం జనం వెంటపడతారు గాని, మీకు అది అనవసరం. 8-5-8 అనే మామూలు రకం మధ్యస్థమైన ఘాటుతో, చివరి దాకా సమంగా కాలుతుంది. పెట్టిన రూపాయికి దానికన్నా నమ్మకమైన సరుకు నేను అమ్మలేదు. రెండోది పద్రోన్. 1964లో మయామిలో మొదలైన ఈ బ్రాండు ఆకు, చుట్టడం రెండూ నికరాగువావే. 1994లో వచ్చిన వారి 1964 ఆనివర్సరీ వరుసలో కనీసం నాలుగేళ్లు నిలవ ఉంచిన ఆకు వాడతారు, నకిలీలను ఆపడానికి ప్రతి సిగార్ మీద వరుస సంఖ్య ఉన్న రెండో పట్టీ చుడతారు. కోకో, కాఫీ గింజ వేపినప్పటి వాసన అందులో బాగా తెలుస్తుంది. ధర ఎక్కువే, అయినా ఆ డబ్బు ఆకుకే పోతుంది. ఒలీవా సీరీ వి కూడా మంచిదే, కాని మొక్క పైభాగాన ఎండకు బలిసిన లిగేరో ఆకు అందులో ఎక్కువ కాబట్టి మీకు తల తిరగవచ్చు. మకనూడో కనెక్టికట్ ఆకుతో చుట్టిన మరీ తేలికైన సరుకు. లంక చుట్ట వాసన ఎరిగిన మీకు చప్పగా ఉంటుంది. దావిదాఫ్ పనితనానికి వంక పెట్టలేము గాని, ధరలో పేరుకు కట్టేదే ఎక్కువని నా అభిప్రాయం.

క్యూబా సరుకు దుబాయిలోనే, అదీ కొద్దిగానే కొనండి. కోహిబా 1966లో మొదలైంది. అందులోని కొన్ని ఆకులను పీపాల్లో మూడోసారి పులియబెడతారు కాబట్టి ఆ మృదుత్వం నిజమైనదే. అయితే 2022లో కోహిబా, ట్రినిడాడ్ అనే ఇంకో క్యూబా బ్రాండు ధరలను ప్రపంచమంతటా, ఎక్కువ ధరలుండే హాంకాంగ్ స్థాయికి పెంచేశారు. ఆనాటి నుంచి నేను కోహిబాను కొనమని ఎవరికీ చెప్పలేదు. మీకు సరిపోయేది మాంటెక్రిస్టో నంబర్ 4. పొడవు 129 మిల్లీమీటర్లు, లావు 42. లావును అంగుళంలో 64వ వంతుల్లో లెక్కిస్తారు కాబట్టి 42 అంటే సుమారు 16.7 మిల్లీమీటర్లు. మీరన్న ముప్పావు గంటలో నింపాదిగా అయిపోతుంది. ఇంకా తేలిక కావాలంటే ఓయో దె మాంతెరే ఎపిక్యూర్ నంబర్ 2 ఉంది, అది కాస్త లావు, గంట పడుతుంది. పై ఆకు నల్లగా ఉన్నంత మాత్రాన ఘాటు ఎక్కువని అనుకోవద్దు. నలుపు ఆకును ఎంత కాలం, ఎంత వేడిలో పులియబెట్టారో చెబుతుంది, ఘాటు లోపలి ఆకులో ఉంటుంది.

మీకు జరిగిన మోసం గురించి ఒక్క మాట. కోహిబా గాజు మూత పెట్టెలో రానే రాదు, అటువంటి పెట్టె కనబడితే అది నకిలీయే. అసలు పెట్టెకు ముందు ఎడమ వైపు ఆకుపచ్చ, తెలుపు రంగుల ప్రభుత్వ ముద్రపట్టీ, దాని మీద వరుస సంఖ్య ఉంటాయి; ఆ సంఖ్యను క్యూబా సిగార్లు అమ్మే హబానోస్ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. పెట్టె అడుగున "తొతాల్మెంతె ఆ మానో", అంటే పూర్తిగా చేత్తో చేసినది అని కాల్చి వేసిన అక్షరాలు ఉంటాయి. మనదేశంలో అమ్మే పెట్టె మీదైతే 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక కూడా తప్పనిసరి. అది లేకుండా ఇక్కడ అమ్ముతున్నారంటే దొంగదారిన వచ్చిందని అర్థం.

సమాధానం: కాజీపేట నుంచి

జగిత్యాల తమ్ముడు చెప్పిన బ్రాండ్ల విషయంలో నాకు భేదం లేదు. నా ఆందోళన అంతా మే నెల గురించే. సిగార్‌కు గాలిలో తేమ 65 నుంచి 70 శాతం, ఉష్ణోగ్రత 18 నుంచి 21 డిగ్రీలు ఉండాలంటారు. మనకు ఆ నెలలో బయట 44 డిగ్రీలు ఉంటుంది, పగటి గాలికి ఉతికిన బట్ట అరగంటలో ఆరిపోతుంది. అల్మారాలో ఊరికే పెట్టిన మంచి సిగార్ వారం తిరక్కుండా తునకలవుతుంది. పోనీ కూలరు ఉన్న గదిలో పెడితే నెమ్ము పట్టి, ఉబ్బి, బూజు వస్తుంది. నేను రెండు తప్పులూ చేశాను.

ఇప్పుడు చేస్తున్నది ఇది. గాలి చొరబడని వంటింటి డబ్బా ఒకటి, అందులో 65 శాతం తేమను నిలిపి ఉంచే బోవెడా ప్యాకెట్టు ఒకటి, చిన్న తేమ మీటరు ఒకటి. ఇంటి కింది అంతస్తులో, రంజన్ పెట్టే మూల లాంటి చల్లని చోట నేలకు దగ్గరగా ఆ డబ్బా ఉంచుతాను. మీటరును నమ్మే ముందు పరీక్షించాలి: సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత వరకే నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్ కవరులో మూసి ఒక రాత్రి ఉంచితే అది 75 చూపాలి. ఎంత తేడా ఉంటే అంత కలుపుకుని గాని తీసేసుకుని గాని చదవాలి.

ఇంకొకటి, ఇది మిర్చి వ్యాపారం చేసే మీకు వెంటనే అర్థమవుతుంది. నిలవ మిర్చికి, నిజామాబాద్ పసుపుకు పట్టే చిన్న ఎర్రటి పురుగే సిగార్‌కూ పడుతుంది. ఆకులోనే గుడ్లు ఉంటాయి, వేడి 24 డిగ్రీలు దాటితే అవి పిల్లలవుతాయి, పుచ్చిన పెసల మీద ఉన్నట్టు పై ఆకు మీద సూది మొన అంత రంధ్రం కనబడుతుంది. అందుకని తెచ్చిన సిగార్లను జిప్ కవరులో గట్టిగా మూసి మూడు రోజులు ఫ్రీజరులో, తరువాత ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచి, ఆ తరువాతే డబ్బాలోకి మార్చండి. ఫ్రీజరు నుంచి నేరుగా బయట పెడితే పై ఆకు పగులుతుంది. మీ యార్డు బట్టలతో, సంచులతో ఆ డబ్బా ఉన్న గదిలోకి వెళ్లకపోవడం కూడా మంచిది.

సమాధానం: తిరుచ్చిలో చదువుకున్నవాణ్ణి, ఇప్పుడు మంచిర్యాల

విదేశీ పేర్ల మధ్య మన దగ్గరి సరుకును మరచిపోవద్దని మనవి. తిరుచిరాపల్లిలోని ఉరైయూరులో చుట్టే చుట్టలు ఆంగ్లేయుల కాలంలో ఓడల్లో లండనుకు వెళ్లేవి. చెరూట్ అనే ఇంగ్లీషు మాట తమిళ "సురుట్టు" నుంచి పుట్టిందే, మన "చుట్ట"కు అది తోబుట్టువు. రెండు చివరలూ తెరిచే ఉంటాయి కాబట్టి కత్తెర అవసరం లేదు, ఒక్క క్యూబా సిగార్ ధరకు పెద్ద కట్ట వస్తుంది. రుచిలో పద్రోన్‌తో పోల్చను, అంత లోతు ఉండదు. మట్టి వాసన, కాస్త కారం మాత్రం నిజాయితీగా ఉంటాయి. తాతగారి చుట్ట గుర్తుకు రావాలంటే డల్లాస్ కన్నా ఉరైయూరే దగ్గర.

సమాధానం: దంత వైద్యుడు, హనుమకొండ

ఎవరి ఆనందాన్నీ చెడగొట్టాలని కాదు గాని, "పొగ మింగను, కాబట్టి ప్రమాదం లేదు" అని నా దగ్గరికి వచ్చేవారు రోజూ చెబుతారు కాబట్టి రాస్తున్నాను. సిగార్ పొగకు క్షార గుణం ఉంటుంది, అందువల్ల ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే నికోటిన్ నోటి పొర ద్వారా రక్తంలో కలుస్తుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్ ప్యాకెట్టంత పొగాకు ఉండవచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు చేత్తో చుట్టినదా, ఖరీదైనదా అనే తేడా లేదు. శ్రీకాకుళం వైపు నిప్పును నోటి లోపల పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు ఉన్న స్త్రీలలో అంగుడి క్యాన్సర్ ఎందుకు వస్తుందో మా చదువులో మొదటి ఏళ్లలోనే చెబుతారు. నెలకు రెండుకు మించని మీ అలవాటును అక్కడే ఆపండి, మానగలిగితే మరీ సంతోషం. సిగార్‌తో పాటు మద్యం తీసుకుంటే ప్రమాదం ఎన్నో రెట్లవుతుంది. బుగ్గ లోపల తెల్లని మచ్చ గాని, మూడు వారాలైనా మానని పుండు గాని కనబడితే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

ఎనుమాముల మిర్చి (ప్రశ్న వేసినవారు)

ఇంత వివరంగా రాసిన అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డాక్టరు గారూ, మీ మాట మనసులో పెట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి బుగ్గలు లాగి చూసుకున్నాను కూడా, ఏమీ లేదు.

25 వరకు అనుమతి ఉందని 25 తెప్పించడం ఈ ఎండల్లో పొరపాటని కాజీపేట అన్నగారి మాటలు చదివాక అర్థమైంది. అందుకని మొత్తం 12 మాత్రమే రాసి పంపాను. డల్లాస్‌లో ఫ్వెంతె 8-5-8 నాలుగు, పద్రోన్ 1964 చిన్న సైజువి మూడు. దుబాయిలో మాంటెక్రిస్టో నంబర్ 4 ఐదు. కోహిబా వద్దన్నాను. ప్రతిదాన్నీ వేళ్లతో నొక్కి చూసి తీసుకోమని, చేతి సంచిలోనే తెమ్మని బావమరిదికి ఫోనులో చెప్పాను. ఉరైయూరు చుట్టలు ఒక చిన్న కట్ట మాత్రం ఎవరైనా అటు వెళితే తెప్పించుకుంటాను, తాతగారి కోసం.

డబ్బా, మీటరు తెచ్చాను. ఉప్పు పరీక్ష నిన్న రాత్రి పెడితే పొద్దున మీటరు 72 చూపింది, అందుకని మూడు కలుపుకుని చదవాలని చీటీ రాసి డబ్బా మూత మీద అతికించాను.