చలికి చల్లబడ్డ చేతుల మీద క్యాపిలరీ రీఫిల్ నమ్మొచ్చా?

హైదరాబాద్‌లో ఎమర్జెన్సీ రెస్పాండర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. షాక్ (అవయవాలకి రక్తం సరిపడా అందని స్థితి) గుర్తుపట్టే దగ్గర ఆగిపోతున్నా. క్యాపిలరీ రీఫిల్ పరీక్షలో గోరు 5 సెకన్లు నొక్కి వదిలితే 2 సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి కదా. మా ఏసీ క్లాసులో నిక్షేపంగా ఉన్న కుర్రాడికే 4 సెకన్లు పడుతోంది! నాడి 76, శ్వాస 16, ఒళ్లు పొడిగానే ఉంది. చెయ్యి గుండె ఎత్తుకు లేపి చూశాం, తేడా లేదు. చేతులు రుద్ది వెచ్చబరిస్తే 2కి దిగింది. కానీ డిసెంబర్ రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద రుద్దుతూ కూర్చుంటామా? నుదుటి మీద నొక్కితే చామనఛాయ వాళ్లకి రంగు మార్పే సరిగా తెలియట్లేదు, టార్చి వేస్తే మరీ అయోమయం. బీపీ పడేదాకా ఆగితే ఆలస్యమే, అది ఎలాగూ చివర్లోనే పడుతుంది.

లోపల రక్తస్రావం అనుమానం ఉన్న పేషెంటు చేతులు చలికి చల్లబడ్డాయా, షాక్ వల్లా అన్నది ఫీల్డులో మీరు దేన్ని చూసి తేల్చుకుంటారు?