కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ల హక్కులకు కరెంటు కంపెనీ జవాబు చెప్పాలా?

మిర్యాలగూడ మాస్టారు:
మొన్న ఒక పెళ్లిలో, బంతిలో కూర్చున్నప్పుడు లొల్లి అయింది. మా బావమరిది పెద్ద కరెంటు కంపెనీలో ఆఫీసరు. "మా దగ్గర మానవ హక్కుల పాలసీ ఉంది బావా. బాల కార్మికులు లేరు, వెట్టి లేదు, ఆడవాళ్లకు కమిటీ ఉంది. ఏటా రిపోర్టులో రాస్తాం" అన్నాడు. ఎదురు వరసలో ఉన్న మేస్త్రీ పప్పు కలుపుకుంటూనే "అవన్నీ గేటు లోపలి ముచ్చట్లు సార్, మా పోరలు ఉండేది గేటు బయట రేకుల షెడ్లల్ల" అన్నాడు. బావమరిదికి కోపం వచ్చింది. ఆ పోరలు కాంట్రాక్టరు మనుషులు, వాళ్ల సంగతి మమ్మల్ని అడిగితే ఎట్లా అంటాడు. నాకైతే తేలలేదు. మీరేమంటారు?

షిఫ్టు ఇంజనీర్:
ఆయన చెప్పిన దాంట్లో తప్పేముంది మాస్టారూ? థర్మల్ ప్లాంటు కడుతుంటే వేల మంది పనిచేస్తారు. సివిల్ పని ఒకరిది, బాయిలర్ ఇంకొకరిది, వాళ్ల కింద సబ్ కాంట్రాక్టర్లు, వాళ్ల కింద మేస్త్రీలు. అట్టడుగున ఉన్నాయనకు కూలి ముట్టిందా లేదా కంపెనీకి ఎట్లా తెలుస్తుంది? పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు పెడితేనే బిల్లు పాస్ చేస్తాం. మిగతాది లేబర్ ఆఫీసు చూసుకోవాలి. అన్నీ కంపెనీ నెత్తిన పెడితే ఆ ఖర్చు యూనిట్ ధరలోకి వస్తుంది, కట్టేది మనమే.

పాలమూరు లేబర్ కొడుకు:
అన్నా, చలాన్ల సంగతి నాకు చెప్పకు. ఒక సోలార్ ప్లాంటు పని దగ్గర రెండేళ్లు టైమ్ కీపర్‌గా చేసిన. కంపెనీ పేరు రాయను. చలాన్లన్నీ కరెక్టే. కూలి కూడా బ్యాంకు ఖాతాలోనే పడేది. కాకపోతే ఏటీఎం కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి మేస్త్రీ జేబులో ఉండేవి. ఒక్కో కార్డు మీద స్కెచ్ పెన్నుతో పిన్ నంబరు. నెల మొదట్లో టౌనుకు పోయి గీకేటోడు, అడ్వాన్సు పట్టుకొని, బియ్యం పట్టుకొని, మిగిలింది పంచేటోడు. దీన్ని ఏ ఆడిటరు ఏ కాగితంలో పట్టుకుంటాడు?

ఇంక ఫిర్యాదుల పెట్టె. గేటు దగ్గర, సెక్యూరిటీ కుర్చీ పైనే, నీలం రంగు రేకు డబ్బా. దాని మీద నోటీసు ఇంగ్లీషులో. పనిచేసేది ఒడిశా, బిహార్ పిల్లలు. తాళం చెవి ఎవరి దగ్గరనుకున్నరు? కాంట్రాక్టరు సూపర్‌వైజర్ దగ్గర. నేనున్న రెండేళ్లలో ఒక్క చీటీ పడింది, షెడ్డులో నీళ్ల ట్యాంకు కడగట్లేదని. దస్తూరీ చూసి మనిషిని పట్టుకున్నరు. వారం తిరగకముందే గేటు పాసు గుంజుకున్నరు.

మా నాయన మేస్త్రీ వెంట డ్యాముల పనికి దేశమంతా తిరిగిండు. ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబరే అని గొప్పగా చెప్పుకుంటం కదా. ఇప్పుడు మన ఊరి పక్కన వేరే రాష్ట్రమోళ్లు అదే రేకుల కింద పడుకుంటున్నరు, మనం "కాంట్రాక్టరు మనుషులు" అంటున్నం.

కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే కట్టి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులో పట్టుకోవాలని, 2025లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా నడిచిన 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే రాశారు. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఒప్పుకున్న సూత్రాల్లోనూ కంపెనీ బాధ్యత సొంత ఉద్యోగుల దగ్గర ఆగదు. వ్యాపార సంబంధాల ద్వారా జరిగే నష్టం కూడా లెక్కలోకే వస్తుంది. నష్టపోయినవాళ్లకు పరిహార మార్గం ఉండాలి. ఈ సూత్రాలు కోర్టులో పట్టుబట్టే చట్టం కాదు గానీ, పాలసీలు రాసుకునే కంపెనీలు చూసేది వీటినే.

షిఫ్టు ఇంజనీర్:
తమ్మీ, కార్డులు గుంజుకోవడం నేరం. మేస్త్రీ మీద కేసు పెట్టాలి. కంపెనీని అంటే ఏమొస్తుంది?

కృష్ణ ఒడ్డు:
ఇంజనీర్ సార్, 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచినప్పుడు 9 మంది చనిపోయారు. అందులో ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన బయటి కంపెనీ వాళ్లు. పొగ కమ్మేసిన సొరంగంలోంచి బయటపడే దారి, గాలి, మాస్కులు, వీటిని బ్యాటరీ కంపెనీ పెట్టగలదా? ఆ స్థలం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే చూసుకోవాలి. జీతం ఎవరిస్తే ఏంటి?

షిఫ్టు ఇంజనీర్:
సేఫ్టీ వరకు ఒప్పుకుంటాను. అక్కడ వాదన లేదు.

గొర్ల మంద:
మీరంతా కూలీల గురించే మాట్లాడుతున్నరు. మా ఊర్లో సోలార్ కంచె వేసిన్రు. లీజు పైసలు పట్టా ఉన్నోళ్లకు ముట్టినయి, మంచిదే. మేము గొర్లను కుంటకు తోలే బాట కంచె లోపల పోయింది. సంతకం ఎవరూ అడగలే, మాకు భూమి లేదు కాబట్టి.

పాలమూరు లేబర్ కొడుకు:
ఇదీ అసలు మెలిక. 2013 భూసేకరణ చట్టంలో మూడేళ్లుగా అక్కడే బతుకుతున్న కౌలుదార్లు, కూలీలు కూడా బాధిత కుటుంబాలే. కంపెనీ నేరుగా లీజుకు తీసుకుంటే అది భూసేకరణే కాదు, ఆ లెక్కే రాదు.

దామరచర్ల దిక్కు:
అడిగినా ఎప్పుడడిగారన్నది చూడాలి. మా యాదాద్రి థర్మల్, 4,000 మెగావాట్లు. 2015లో శంకుస్థాపన. 2022లో హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని ఆపి మళ్లీ అధ్యయనం చేయమంది. 2024 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అప్పటికే చిమ్నీలు లేచి ఊర్లకు కనిపిస్తున్నాయి. ప్లాంటు రావాలనే మా వాళ్లు చాలామంది అన్నారు, ఉద్యోగాల కోసం. నేనూ వద్దనను. కట్టిన తర్వాత అభిప్రాయం అడిగితే ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఇంకొకటి, ఏటా మానవ హక్కుల వివరాలు రాయాలని స్టాక్ మార్కెట్‌ను చూసే సెబీ పెట్టిన రూలు 2022-23 నుంచి అందులో లిస్టయిన పెద్ద 1,000 కంపెనీలకే. యాదాద్రి కట్టిన ప్రభుత్వ కరెంటు కంపెనీ జెన్‌కో అందులో లిస్టు కాలేదు కాబట్టి దానికి అది వర్తించదు.

షిఫ్టు ఇంజనీర్:
సరే, నన్ను ఒక్కణ్ణి చేసి కొడుతున్నారు. రేపు నేనే ప్లాంటు హెడ్ అయితే ఏం చేయమంటారు, ఒక్క పని చెప్పండి.

పాలమూరు లేబర్ కొడుకు:
కూలి పడిన రోజు షెడ్డుకు పోయి "నీ కార్డు చూపించు" అనన్నా. కాంట్రాక్టరు లేకుండా పో, హిందీ వచ్చినోణ్ని తీసుకపో. యూనిట్ ధర పైసా పెరగదు.

మిర్యాలగూడ మాస్టారు:
ఇదంతా చదివి బావమరిదికి ఫోన్ చేశాను. మీ ఫిర్యాదుల పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుందని అడిగితే, కనుక్కొని చెప్తా బావా అన్నాడు. నాలుగు రోజులైంది.