అపోఫిస్‌ని బైనాక్యులర్‌తో పట్టుకోగలమా?

కడపకుర్రాడు:
2029 ఏప్రిల్‌లో అపోఫిస్ గ్రహశకలం భూమి ఉపరితలానికి దాదాపు 32 వేల కిలోమీటర్ల దగ్గరికి వస్తోంది కదా, దానికి ఇప్పట్నుంచే సిద్ధమవుదామనుకుంటున్నా. నా దగ్గర 10×50 బైనాక్యులర్, ట్రైపాడ్ ఉన్నాయి. 2013 ఫిబ్రవరిలో 2012 డీఏ14 అనే గ్రహశకలం వచ్చిన రాత్రి మేడెక్కి రెండు గంటలు వెతికాను, మెడ పట్టేసింది గానీ అది మాత్రం కనపడలేదు. అప్పుడు నా చేతిలో ఉన్నది ఢిల్లీ నుంచి చూసేవాళ్లకు గీసిన నక్షత్రాల మ్యాప్. తప్పు ఎక్కడ జరిగిందంటారు?

మేడమీద_మంచం:
తప్పు ఆ మ్యాప్‌లోనే ఉంది తమ్ముడూ. గురుడికో శనికో అయితే ఢిల్లీ మ్యాప్ కడపలోనూ పనికొస్తుంది, కానీ ఆ రాయి 28 వేల కిలోమీటర్ల లోపే వెళ్లింది, అంత దగ్గరి వస్తువు ఊరు మారితే చుక్కల మధ్య చోటు మారిపోతుంది. ఢిల్లీకీ కడపకీ రెండు మూడు డిగ్రీల తేడా వచ్చి ఉంటుంది, అంటే నాలుగు నుంచి ఆరు చంద్రబింబాలంత. నాసా జేపీఎల్ వాళ్ల హొరైజన్స్ వెబ్‌సైట్‌లో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, నిమిషం నిమిషానికీ అది ఎక్కడుంటుందో పట్టిక తీసుకో.

ఇంకోటి, దాని వెంట పడకు. అది వెళ్లే దారిలో గుర్తుపట్టగలిగే చుక్క ఒకటి చూసుకుని పది నిమిషాల ముందే బైనాక్యులర్ అక్కడ బిగించి కూర్చో. నేను ఆ రాత్రి అలాగే చూశా. సన్నటి చుక్క, మిగతావాటిలాగే ఉంది, కాసేపటికి పక్క చుక్కకు దగ్గరైంది, దాటిపోయింది. శాటిలైట్ అయితే క్షణాల్లో వెళ్లిపోతుంది, ఇది నింపాదిగా జరుగుతుంది. చేతులు వణికాయి నాకు.

నెల్లూరు_నక్షత్రం:
అపోఫిస్ మన టైమ్ ప్రకారం ఏప్రిల్ 14 తెల్లవారుజామున 3:16 ప్రాంతంలో అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది. మామూలు కంటికి బాగా కనిపించేది యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్లకి. మనం 13 రాత్రే బైనాక్యులర్‌తో పట్టుకోవాలి. అమావాస్య కాబట్టి వెన్నెల అడ్డు ఉండదు, ఊరి లైట్లకు దూరంగా వెళ్తే చాలు.

కడపకుర్రాడు:
చాలా థ్యాంక్స్ అన్నా, ఇన్నేళ్లూ నా బైనాక్యులరే బాలేదనుకున్నా. అప్పటిదాకా దేంతో ప్రాక్టీస్ చేయమంటారు?

మేడమీద_మంచం:
వెస్టా అనే పెద్ద గ్రహశకలంతో మొదలుపెట్టు. ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా అవతలి వైపు ఉన్నప్పుడు బైనాక్యులర్‌కి సులువుగా అందుతుంది. చుట్టూ ఉన్న చుక్కల్ని కాగితం మీద పెన్సిల్‌తో పెట్టుకో, రెండు రోజులాగి మళ్లీ చూడు, జరిగిన చుక్కే వెస్టా.