కొబ్బరిలో సర్పిలాకార తెల్లదోమ: కోశాలు నల్లబడుతుంటే వేపనూనె కొట్టాలా, ఆగాలా?

భీమిలి దగ్గర ఇసుక నేల, ఏడేళ్ల కొబ్బరి. మట్టల అడుగున తెల్లటి మైనపు పోగులు, చుట్లు చుట్లుగా గుడ్లు. కింది మట్టల పైభాగాన దోమ వదిలే జిగట తేనెబంక కారి మసి (నల్ల బూజు) పట్టింది. గట్టు మీది జామ, అరటికీ ఇదే తంతు.

ఆకు అడుగుకు తగిలేలా నీళ్లు జోరుగా కొడితే పురుగు కొంత రాలింది. లీటరుకు 10 గ్రాముల పిండితో పలచగా కాచిన గంజి చల్లితే మసి ఎండి పొరలుగా ఊడుతోంది. కానీ దోమ ఉన్నంతకాలం మసి మళ్లీ వస్తుంది కదా.

అసలు చిక్కు ఇక్కడ. భూతద్దంతో చూస్తే పది కోశాల్లో (దోమ ప్యూపా గూళ్లు) మూడు నాలుగు నల్లగా ఉన్నాయి, ఒకటి రెండింటికి గుండ్రటి రంధ్రం కూడా. అంటే ఎన్‌కార్సియా పరాన్నజీవి (దోమ పిల్లల్లో పెరిగి వాటిని చంపే బుల్లి కందిరీగ) పని మొదలుపెట్టినట్టే. అందుకే రసాయన మందుల జోలికి పోవడం లేదు.

లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు పొడి కలిపి కొడితే ఈ బుల్లి కందిరీగకు ఎంత దెబ్బ? నల్ల కోశాలున్న మట్టలు వదిలేసి కొడితే చాలా? రంధ్రం పడని, అంటే కందిరీగ ఇంకా లోపలే ఉన్న నల్ల కోశాల ఆకుముక్కలు కోసి పక్క చెట్లకు కట్టినవాళ్లున్నారా? దోమను చంపే ఐసేరియా ఫ్యూమోసోరోసియా బూజు మందు సముద్రపు గాలి తేమలో సాయంత్రం పూట కొట్టినవాళ్లు ఎన్ని రోజులకు మళ్లీ కొట్టారో చెప్పండి.