కూరగాయల పలావుకి బాస్మతా, బీపీటీనా?

పటమట వంటిల్లు:
ఆదివారం నలుగురికి కూరగాయల పలావు చేయాలి. ఇంట్లో ఉన్నవి బీపీటీ బియ్యం, అదే సాంబ మసూరి. పలావంటే బాస్మతి కొనాల్సిందే, బీపీటీ కుక్కర్లో పెడితే ముద్దే అని కొందరు, కొబ్బరిపాలు పోసే పలావుకి బాస్మతి దండగ అని కొందరు. రెండు గ్లాసుల బియ్యం, మూడు లీటర్ల కుక్కర్. వండే చేతివాళ్లు తేల్చండి.

బ్రాడీపేట నాలుగో లైను:
బీపీటీనే. బీపీటీ 5204 మన బాపట్లలో పుట్టిన రకం, 1986లో విడుదలైంది. ఆ అభిమానంతో చెప్పట్లేదు లెండి. బాస్మతికి సొంత వాసన ఉంటుంది. మన వైపు పలావులో పచ్చిమిర్చి, పుదీనా, అల్లం వెల్లుల్లి, కొబ్బరిపాలు దండిగా పడతాయి. ఆ ఘాటులో బాస్మతి వాసన ఎవరికి తెలుస్తుంది? పైగా బంగాళదుంప కుర్మా కలుపుకోవాలంటే సన్న గింజే కుదురుతుంది. పొడుగు గింజ మీద కుర్మా జారి కంచం అడుక్కి చేరుతుంది.

సత్యనారాయణపురం:
బ్రాడీపేట గారూ, మీ మాట పాత బియ్యానికైతే సరే. కొట్టువాడు పాత బియ్యం అన్నంత మాత్రాన పాతవైపోవు. కొత్త బీపీటీ పడిందా, ఎంత నేతిలో వేయించినా అంటుకుంటుంది. బాస్మతికి ఆ బెడద తక్కువ. ఎసరు లెక్క కుదరనివాళ్లకి ఇంకో దారి కూడా ఉంది: ఉప్పు వేసిన నీళ్లు ఎక్కువ పోసి, ముప్పాతిక వంతు ఉడకగానే వార్చి, కూరగాయల మసాలా మీద పరిచి దమ్ము పెట్టడం.

బ్రాడీపేట నాలుగో లైను:
అప్పుడది బిర్యానీ అవుతుందండీ. ఆయన అడిగింది పలావు.

లక్ష్మీపురం:
మీరు బియ్యం మీద కొట్టుకుంటున్నారు గానీ ముంచేది ఎసరు. గింజకి పట్టిన తడి, టమాటాల్లో నీళ్లు, కొబ్బరిపాలు, ఈ మూడూ ఎసరు లెక్కలోకే వస్తాయి. చాలామంది ఒకటికి రెండు పోసి, పైన పాలు వేరే పోస్తారు. ముద్దవ్వక ఏమవుతుంది?

రెండు గ్లాసుల పాత బీపీటీని కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వార్చండి. కుక్కర్లో రెండు చెంచాల నెయ్యి, రెండు చెంచాల నూనె. షాజీరా అర చెంచా, రెండు అంగుళాల చెక్క, ఐదు లవంగాలు, నాలుగు యాలకులు, ఒక అనాసపువ్వు, రెండు బిర్యానీ ఆకులు. మరాటి మొగ్గ ఒకటి చాలు, రెండు వేస్తే చేదు తగులుతుంది. పొడుగ్గా కోసిన రెండు ఉల్లిపాయలు అంచులు ఎర్రబడేదాకా వేగాలి. తర్వాత ఐదు పచ్చిమిర్చి చీలికలు, పెద్ద చెంచాడు అల్లం వెల్లుల్లి. పచ్చివాసన పోయాక గుప్పెడు పుదీనా, రెండు గ్లాసుల ముక్కలు. క్యారెట్, బీన్స్, బంగాళదుంప అంగుళానికి తగ్గకూడదు.

ఎసరు మొత్తం మూడు గ్లాసులు: ఒకటి కొబ్బరిపాలు, రెండు నీళ్లు. చిక్కటి పాలే పోస్తే అడుగంటుతుంది. రెండు టమాటాలు వేస్తే పావు గ్లాసు నీళ్లు తగ్గించండి. కొత్త బియ్యమైతే నానబెట్టేది పది నిమిషాలే, ఎసరు రెండున్నర. మరిగేటప్పుడు రుచి చూస్తే కాస్త ఉప్పగా తగలాలి. సరిపోయిందనిపిస్తే అన్నం చప్పగా వస్తుంది. అర చెక్క నిమ్మరసం పిండి, బియ్యం వేసి, ఒక్కసారి కలిపి మూత పెట్టండి. మధ్యస్థం మంట మీద రెండు కూతలు. పెద్ద మంట పెడితే కూతలు తొందరగా వచ్చేస్తాయి, గింజలో పలుకు మిగిలి అడుగు మాడుతుంది. దించి పది నిమిషాలకి మిగిలిన ఆవిరి తీసేయాలి. ఇంకా వదిలేస్తే ఆ వేడికే మెత్తబడుతుంది. గరిటెతో కుమ్మకుండా, అట్లకాడ అంచునుంచి దూర్చి పైకి లేపండి.

సత్యనారాయణపురం:
ఎసరు లెక్క ఒప్పుకుంటా. రెండు కూతలకి క్యాలీఫ్లవర్ కనపడకుండా పోతుంది, దానికేం చెప్తారు? ఆ పువ్వు వేయాలనుకుంటే అడుగు మందం గిన్నే మేలు. అందులో బీపీటీకి ఒకటికి రెండు, పాలతో కలిపే. నీళ్లు ఇంకి పైన చిల్లులు పడగానే కింద పెనం పెట్టి, గట్టి మూతతో సన్న సెగ మీద పన్నెండు నిమిషాలు.

పటమట వంటిల్లు:
ఎండు బఠాణీలు రాత్రి నానబెట్టి గిన్నెలోనే వేయొచ్చా?

లక్ష్మీపురం:
గిన్నెలో అవి ఉడకవు. విడిగా కుక్కర్లో మూడు కూతలు రానిచ్చి, నీళ్లు వార్చి వేయండి. పచ్చి బఠాణీలైతే నేరుగా వేసేయొచ్చు.

బ్రాడీపేట నాలుగో లైను:
ఇంకొకటి. మూత తీశాక మెత్తగా ఉందనిపిస్తే కలపొద్దు, వెడల్పు పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాను కింద పది నిమిషాలు ఉంచండి. పలుకుగా ఉంటే పావు గ్లాసు వేడినీళ్లు చిలకరించి, మూత పెట్టి, పెనం మీద ఐదు నిమిషాలు. చన్నీళ్లు మాత్రం వద్దు, పైన మెత్తబడి లోపల పలుకు అలాగే ఉంటుంది.